సగం అతికించిన టికెట్

పిట్ట ముట్టలేదు.

జైపాల్ పోయి మూడో రోజు. ఇంటి వెనక ఖాళీ జాగాలో విస్తరి పరిచి ఆయనకు ఇష్టమైనవన్నీ వడ్డించారు. కోడికూర, గారెలు, పచ్చిపులుసు, పక్కన గ్లాసులో చాయ్. కాకులు కరెంటు తీగ మీద వరసగా కూర్చుని చూస్తున్నాయే తప్ప ఒక్కటీ కిందికి దిగలేదు. పొద్దు పైకొచ్చింది, చాయ్ మీద మీగడ కట్టింది, కాకులు మాత్రం కదల్లేదు. పోయినవాడికి కోపమో కోరికో మిగిలితేనే పిట్ట ముట్టదని దూరంగా జరిగి నిలబడ్డ చుట్టాలందరికీ తెలుసు. ఆ మాట ఎవరూ పైకి అనలేదు. భవాని వైపు చూశారంతే.

భవాని ఆ చూపులు తట్టుకోలేక ఇంట్లోకి వచ్చి సుమిత్ర ముందు కూలబడింది.

"నా మీద కోపంతోనే ముడ్తలేదు మేడమ్. నేనే అన్న. మంగళారం పగటీలి డ్యూటీకి పోయేటప్పుడు, పో, ఆ గుర్రాల ఎంబడే పడి చావు పో అన్న. గంతే అన్న. పొద్దుగూకేసరికి కబురొచ్చింది."

ఎస్సై ఉద్యోగం వదిలేసి పటాన్‌చెరులో మందుల షాపు మీద గది తీసుకుని ప్రైవేటు డిటెక్టివ్‌గా బోర్డు పెట్టుకున్న మనిషి సుమిత్ర. పెళ్ళి సంబంధాల వాకబులూ, ప్లాట్ల తగాదాలూ అన్నం పెడుతున్నాయి. నిన్న భవాని ఆ మెట్లెక్కి వచ్చి, "ఆయనను ఎవరన్న చంపిండ్రా అని అడుగుతలేను. నా మాటకే చచ్చిండా? అదొక్కటి చెప్పుండ్రి," అంది. ఇలాంటి కేసు సుమిత్రకు ఇదే మొదటిది. కాదనడానికి నోరు రాలేదు.

జరిగింది చెప్పుకుంటే చాలా చిన్నది. జైపాల్ జిన్నారం రోడ్డు మీది ఒక కెమికల్ కంపెనీలో కాంటా ఆపరేటరు. లారీ లోపలికి పోయేటప్పుడు ఒకసారి, బయటికి వచ్చేటప్పుడు ఒకసారి తూచి చీటీ ఇవ్వడం అతని పని. మంగళవారం సెకండ్ షిఫ్టులో ఒక లారీ కాంటా మీద నిలబడి ఎంతసేపు హారన్ కొట్టినా కేబిన్‌లోంచి ఎవరూ తొంగిచూడలేదు. డ్రైవరు విసుక్కుంటూ దిగి తలుపు తోశాడు. జైపాల్ ఫ్యానుకు వేలాడుతున్నాడు. బల్ల మీద గుర్రప్పందేల పుస్తకం, చిరిగిన పందెం టికెట్. అంతే, రేసుల్లో పోగొట్టుకుని ప్రాణం తీసుకున్నాడని అందరూ ఒక్క మాట మీదికి వచ్చేశారు. కంపెనీ తన తరఫున ఒక ప్రైవేటు ఏజెన్సీని కూడా పెట్టుకుంది. ఆ ఏజెన్సీ రిపోర్టు ఈ సాయంత్రం స్టేషన్‌కు చేరుతుంది. చేరితే ఫైలు మూసేస్తారు, భవాని ప్రశ్నకు జవాబు కూడా అందులోనే మూతబడుతుంది.

"కళ్యాణ్‌ను పిలువు," అంది సుమిత్ర.

కళ్యాణ్ జైపాల్ తమ్ముడు. తల్లి పోయినప్పుడు నడక కూడా సరిగా రాని పిల్లవాడు. కాపురానికి వచ్చిన భవాని చేతిలో పడ్డాడు, ఆ చేతిలోనే పెరిగాడు. ఆమెకు పిల్లలు లేరు, ఆ లోటు ఇతనితోనే తీర్చుకుంది. అన్నకు తలకొరివి పెట్టిందీ ఇతనే. ఇప్పుడు ఇంటి ముందు షామియానా కింద ప్లాస్టిక్ కుర్చీలో, అన్నం ముట్టని మొహంతో కూర్చున్నాడు.

"ఈ షామియానా ఎవరు ఏపిచ్చిండ్రు?" అంటూ సుమిత్ర పక్కన కూర్చుంది.

"కామరాజన్న. కట్టెలు గుడ ఆయననే తెప్పిచ్చిండు."

కామరాజు కంపెనీ గేటు ఎదురుగా లారీల ట్రాన్స్‌పోర్టు ఆఫీసు నడుపుతాడు. లారీల కన్నా ఫోనులో గుర్రప్పందేలు రాసుకోవడమే అతని అసలు వ్యాపారమని ఆ దారిన పోయే ప్రతివాడికీ తెలుసు. అలాంటివాడు పాడె మోసి, భవానిని చెల్లె అని పిలిచి, కన్నీళ్ళు పెట్టుకుని వెళ్ళాడట.

"మీ అన్న రేసులకు ఒక్కడే పోయేటోడా?"

కళ్యాణ్ వదిన ఉన్న గది వైపు చూసి గొంతు తగ్గించాడు. "నేను గుడ పోయేటోన్ని. వదినకు తెల్వదు. మొదలు పాడయింది నేనే మేడమ్. కామరాజన్నకు ఫోన్ల చెప్పి ఆడుతుంటి. ఫోన్ల అయితే జేబుల పైస లేకున్న ఆడొచ్చు. గట్లనే మునిగిన. అన్నకు తెలిసింది. కొట్టలే, తిట్టలే. గుర్రం మీద నీకంత పాణముంటే నిజం గుర్రాన్నే చూద్దాం నడువని మలక్‌పేట రేస్‌కోర్సుకు తీస్కపోయిండు."

"ఆడుడు బంద్ చెయ్యమనకుండ?"

"బంద్ చెయ్యమంటే చాటుంగ ఆడుతనని ఆయనకెరుకే. వదినకు చెప్పొద్దని నేనే ఒట్టు పెట్టిచ్చుకున్న. అందుకే ఆమెతోని మాటలు పడ్డడు."

సుమిత్రకు గుర్రమంటే పెళ్ళి బరాత్‌లో పెళ్ళికొడుకు భయపడుతూ ఎక్కేదే తెలుసు. "నాకు ఆ ముచ్చట బొత్తిగ తెల్వదు. చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పు. అక్కడికి పోయి ఏం చేయాలె?"

కళ్యాణ్ మొహంలోకి అప్పటిదాకా లేని వెలుగు ఒకటి వచ్చింది. "గేటుకాడ టికెట్ కొనాలె, రేస్ బుక్ కొనాలె. మొదటిసారి పోయినప్పుడు రెండు మూడు రేసులదాక అన్న నన్ను పైస పెట్టనియ్యలే. ఉత్తగ సూడు అన్నడు. రేసుకు ముందు గుర్రాలను గుండ్రంగ తిప్పుతరు. ఏది నింపాదిగ నడుస్తున్నది, ఏది చెమటలు కక్కుతున్నది అని సూడాలె. అటెనుక కిటికీకాడికి పోయి రేసు నంబరు, గుర్రం నంబరు, విన్నా ప్లేసా, ఎంతకు అని చెప్పాలె. విన్ అంటే అది ఫస్టే రావాలె. ప్లేస్ అంటే ముందట్ల వచ్చినా చాలు, కాకపోతే పైసలు తక్కువొస్తయి. కొత్తోళ్ళు ప్లేస్‌తోనే మొదలువెట్టాలె అంటుండె అన్న. టికెట్ చేతికొచ్చినంక ఆడనే నిలబడి చదువుకోవాలె. పక్కకు జరిగి తప్పువడ్డదంటే వినరు."

"కిటికీ ఒక్కటేనా?"

"లోపల బోర్డులు పెట్టుకొని బుకీలు కూసుంటరు. వాళ్ళకు లైసెన్స్ ఉంటది, కాయిదం ఇస్తరు. కాయిదం ఇయ్యనోని దగ్గర ఆడకు, ఫోన్ల ఆడకు, అది కానూన్ కాదు అంటుండె. ఇంటికెళ్ళి తెచ్చుకున్నదే ఆడాలె. అది ఒడిసినంక చేతులు జేబుల పెట్టుకొని గుర్రాలను సూడాలె." అతను కుర్చీలో ముందుకు జరిగాడు. "ఆడ జాకీలను గుడ తూస్తరు మేడమ్. రేసుకు ముందోసారి, అయినంకోసారి. అన్న అది చూసి ఎంత కుషీ అయిండో. నా కొలువే రా ఈడ గుడ, అన్నడు. మంచి గుర్రం మీద బరువు ఎక్కువ పెడతరంట. తూకంల తేడా వస్తే గెలిచింది గుడ గెలిచినట్టు కాదంట. అందుకే ఆఖరు మాట బోర్డు మీద పడేదాక టికెట్ పారెయ్యొద్దని చెప్పిండు."

మంచి గుర్రం మీదే బరువెక్కువ పెడతారన్న మాట దగ్గర సుమిత్ర మనసు చివుక్కుమంది. ఇంటిల్లిపాది బరువూ మోసినవాడు ఆ మాట నవ్వుతూ చెప్పి ఉంటాడు.

"గేటుకాడ కూలోళ్ళకు గుడ ఇవన్నీ చెప్పిండా?"

"చెప్పిండు. చానమంది కామరాజన్నకు ఫోన్ చేసుడు బంద్ వెట్టిండ్రు."

"మరి పోయిన ఆదివారం ఏమయింది?"

"ఏడో నంబరు గుర్రం మీద ఆడినం. అది రేసు మొదలయ్యేకాడ అడ్డం తిరిగింది, పక్కకు తీసేసిండ్రు. తీసేస్తే మన పైసలు మనకు వాపసిస్తరు. అన్నకు గది తెల్వక, ఓడిపోయిందే అనుకొని టికెట్ జేబుల పెట్టుకొని వచ్చిండు. సోమవారం నేను చెప్పిన. మళ్ళ ఆదివారం పోయి తీసుకుందాం రా అన్నడు."

"మంగళవారం సాయంత్రం అన్నను చూసినవా?"

"లే మేడమ్. నాది పాశమైలారంల డ్యూటీ. సెకండ్ షిఫ్టు."

ఇంతసేపూ తడుముకుంటూ, ఏడుపు మింగుకుంటూ మాట్లాడిన కుర్రాడు ఈ ఒక్కదానికి మాత్రం అప్పజెప్పినట్టు చెప్పాడు. సుమిత్ర అది మనసులో వేసుకుని స్కూటీ తీసింది.

* * *

కాంటా కేబిన్ ముందు మురళీమోహన్ ఆమె కోసమే ఎదురుచూస్తున్నట్టు నిలబడి ఉన్నాడు. కంపెనీ పెట్టుకున్న ఏజెన్సీ మనిషి ఇతనే. ఇస్త్రీ చొక్కా, చంకలో ట్యాబ్. పోయినేడాది ఒక ప్లాటు కేసులో సుమిత్ర చేతిలో తల బొప్పి కట్టించుకున్నాడు, అది మరచిపోయే రకం కాదు.

"రండి సుమిత్ర గారూ. మీకూ గుర్రాల మీద ఆసక్తి ఉందా?"

"పొద్దుటిసంది ఉన్నది. చావి తీయుండ్రి, భవాని ఆయన సామాను తెమ్మన్నది."

కేబిన్ అరచేతంత ఉంది. ఒక బల్ల, కుర్చీ, తూకం చూపే డబ్బా, గోడకు మేకు. స్టేషన్‌వాళ్ళు ఫోనూ, తాడూ తీసుకువెళ్ళి, మిగిలినవి చిత్తుకాగితాలని ఫోటో తీసుకుని వదిలేశారు. సుమిత్ర ఫ్యాను వైపు చూడలేదు. బల్ల వైపు చూసింది.

"పందేల్లో నష్టం, పెళ్ళాంతో గొడవ, చింపేసిన టికెట్," అన్నాడు మురళీమోహన్ వెనక నుంచి. "ఇంకేం కావాలండీ? పాపం అనుకోవడం వేరు, కేసు వేరు."

"నష్టమని ఎవరు చెప్పిండ్రు?"

"కామరాజు. తనకు పెద్ద మొత్తమే బాకీ పడ్డాడని వాంగ్మూలం ఇచ్చాడు."

"జైపాల్ ఆడింది మలక్‌పేట కిటికీకాడ. ఆ కిటికీ ఎవ్వనికీ ఉద్దెర ఇయ్యదు. చేతుల పైసలు పెడితేనే టికెట్. మరి కామరాజుకు ఎట్ల బాకీ పడ్డడు? ఫోన్ల పందేలు రాస్తనని ఆయన నోటితోనే ఒప్పుకున్నడా? మీ రిపోర్టుల ఆ మాట గుడ ఎక్కిందా?"

మురళీమోహన్ ట్యాబ్ ఒక చంకలోంచి ఇంకో చంకలోకి మార్చాడు. "చేబదులు అన్నాడు."

"ఇందాకనేమో పందెం బాకీ, ఇప్పుడేమో చేబదులు. సాయంత్రానికి కట్నం బాకీ అంటడు."

ఆమె వంగి బల్లను దగ్గరగా చూసింది. ఒక తూకం చీటీని బోర్లా వేసి, దాని మీద చిరిగిన టికెట్ ముక్కలు అంచులు కలిపి పేర్చి ఉన్నాయి. నాలుగో రేసు, ఏడో నంబరు, ప్లేస్. మూడు ముక్కల మీద సెలోటేపు నీటుగా పడి ఉంది. కుడి మూల ముక్క ఒక్కటే లేదు. పక్కనే టేపు చుట్ట, చిన్న కత్తెర.

"చింపి పారేశాడు," అన్నాడు మురళీమోహన్.

"పారేసిన ముక్కలు గిట్ల వరసపెట్టుకొని పండుకుంటయా?" సుమిత్ర గోడ మేకుకు గుచ్చిన చీటీలు చూపించింది. వానలో తడిసినవీ, డ్రైవర్ల జేబుల్లో నలిగి చిరిగినవీ. అన్నీ వెనక తెల్లకాగితం పెట్టి టేపుతో అతికించినవే. "కాంటా మీద ఇది రోజూ ఉండే పని. చిరిగిన చీటీ తెచ్చినోన్ని వాపస్ పంపకుండ అతికించి ముద్ర కొడతరు. టికెట్ గుడ గట్లనే అనుకున్నడు. ఆ గుర్రం ఉరకలేదు, పైసలు వాపసొస్తయి. అందుకే అతికిస్తున్నడు."

"చిరిగిన టికెట్‌కు అక్కడ డబ్బులిస్తారా?"

"ఇయ్యరేమో. ఆయనకు గది తెల్వదు."

జైపాల్ కొత్తగా నేర్చుకున్నవాడు. అన్నీ శ్రద్ధగా నేర్చుకుని, ఇది ఒక్కటి తెలియక, పనికిరాని టికెట్‌ను ఇంత ఓపిగ్గా అతికించాడు.

మురళీమోహన్ కూడా వంగి చూశాడు. అతను మూర్ఖుడు కాడు, అదే వచ్చిన చిక్కు. "ముక్కల మీద పసుపు వేలిముద్రలున్నాయి. వంటింటి పసుపు. చింపింది ఇతను కాదు, భార్య. టికెట్ చింపి, చావు పొమ్మంది. నేను రాయకుండా ఎలా ఉంటాను? ఆత్మహత్యకు పురికొల్పడం అవుతుంది. ఆవిడ తరఫున వచ్చి ఆవిడనే ఇరికించారు మీరు."

సుమిత్ర నిటారుగా లేచింది. "రాయుండ్రి. దాని కిందనే ఇది గుడ రాయుండ్రి. పెండ్లాం చింపిన టికెట్‌ను ఆదివారం కోసం అతికించుకుంటున్నోడు, ఆఖరి ముక్క అతికించకుండ లేచి ఫ్యానుకు తాడెట్ల కడతడు? చావాలనుకున్నోనికి ఆదివారం ఎందుకు?"

ఆమె మోకాళ్ళ మీద కూర్చుని నేలంతా చూసింది. బల్ల కిందా, కుర్చీ కిందా, గుమ్మం సందులోనూ. నాలుగో ముక్క లేదు. మళ్ళీ బల్ల మీదికి చూపు తిప్పినప్పుడు కనిపించింది, చాయ్ మరక. గుండ్రంగా ఎండిపోయిన మరక ఒకటి, సగం బల్ల మీదా సగం చీటీ మీదా. సరిగ్గా కుడి మూల ముక్క ఉండాల్సిన చోటు మీదుగా పోయింది.

"క్యాంటీన్ గ్లాసు మరక," అన్నాడతను.

కిటికీలో బోర్లించి ఉన్న క్యాంటీన్ గ్లాసును ఆమె తీసి మరక మీద పెట్టింది. మరక లోపల గ్లాసు చుట్టూ ఇంకా బోలెడు చోటు మిగిలింది.

"దీనికన్న పెద్దది ఏదో ఆయన ముందట పెట్టిండ్రు," అంది సుమిత్ర నెమ్మదిగా. "టేపు అంటించి ఇంకా చీటీ మీద వెయ్యని ముక్క దాని అడుగుకు అంటుకొని పోయింది. ఆయన సామాన్ల గసుంటిది ఏమన్న ఉన్నదా?"

మురళీమోహన్ ట్యాబ్‌లో వెతికాడు. టిఫిన్ డబ్బా, తువ్వాల, చెప్పులు. అంతే. అతను మొదటిసారి ఫ్యాను వైపు తలెత్తి చూసి, వెంటనే దించుకున్నాడు.

"కడుపులో ఏముందో ల్యాబ్ రిపోర్టు ఇంకా రాలేదు," అన్నాడు. "సాయంత్రం ఇవ్వాల్సింది రేపిస్తానని మేనేజర్‌కు చెప్తాను. అంతకుమించి నన్నేమీ అడక్కండి."

సుమిత్ర ముక్కలున్న చీటీని అలాగే గట్టి అట్ట మీదికి జరిపి, అతని చేత సాక్షి సంతకం పెట్టించుకుని బయటపడింది.

* * *

ఆమె తిరిగి వచ్చేసరికి విస్తరి అలాగే ఉంది. చుట్టాలు కొందరు వెళ్ళిపోయారు. భవాని వంటింటి గుమ్మంలో మోకాళ్ళ మీద తల పెట్టుకుని ఉంది.

"టికెట్ చింపింది నువ్వే కదా భవానీ?"

భవాని ఉలిక్కిపడలేదు. ఎప్పటికైనా అడుగుతారని తెలిసినట్టే తలూపింది. "అంగీ ఉతుకుదామని జేబు చూసిన. పోపుల డబ్బ ముందట ఉన్న, చేతులకు పసుపున్నది. చూడంగనే మంట లేసింది. చింపి మొఖం మీద కొట్టిన. అరే, అది పనికొస్తదే అనుకుంట ఒక్కొక్క ముక్క ఏరుకున్నడు. నన్నొక్క మాట అనలే. గా ముక్కలేరుకునుడే కండ్ల ముందట తిరుగుతున్నది మేడమ్."

సుమిత్ర ఆమె పక్కనే నేల మీద కూర్చుంది. చెప్పవలసింది మెల్లగా, ఒకటికి రెండుసార్లు చెప్పింది. ఏడో నంబరు గుర్రం సంగతి, తమ్ముడి కోసం పోయిన సంగతి, ఒట్టు సంగతి. చీటీ మీద పేర్చిన ముక్కలు చూపించింది. "ఆదివారం పోదామని అతికిస్తుండె. నీ మాటకు చచ్చేటోడు గీ పని చేయడు. నీ మాటకు చావలే భవానీ. ఆయనను ఎవరో చంపిండ్రు."

భవాని ఆ టేపును వేలితో తడిమింది. ముందు నమ్మలేదు. తర్వాత కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. మూడు రోజులుగా ఆపుకున్న ఏడుపు అది. చంపారన్న మాట ఆమెకు ఇంకా ఎక్కలేదు, తన మాట కాదన్నదే ఎక్కింది. చూస్తున్న సుమిత్రకు కూడా కళ్ళు నిండాయి, దాచుకోలేదు.

"నా మీద కోపం లేదు కదా అక్కా? లేదు కదా?" మేడమ్ పోయి అక్క వచ్చింది. భవాని మొహం తుడుచుకుని లేచింది. "పొద్దుటి చాయ్ సల్లారింది. సల్లారిన చాయ్ ఆయన నోట్ల వెట్టుకోడు, పిట్ట ఎట్ల ముడ్తది? జెర ఆగు, వేడిగ చేసి కొంటవోత."

చాయ్ మరిగించింది. అడుగూ బొడుగూ చక్కెరంతా వేసింది. పోసి తీసుకుపోవడానికి అటకమీది స్టీలు ఫ్లాస్కు అందుకుంది.

"అది ఎవరిది?" అంది సుమిత్ర.

"కళ్యాణ్‌ది. డ్యూటీకి కొంటవోతడు. మంగళారం రాత్రి కడిగి ఈడ పెట్టిండు."

ఆ ఫ్లాస్కు అడుగు కేబిన్‌లోని మరకంత ఉంది. ఒక్క గంట సుఖాన్ని ఈ మనిషికి వదిలేసి వెళ్ళిపోతే ఎంత బాగుండునని సుమిత్రకు అనిపించింది. అలా వెళ్ళే పని కాదు తనది. చేయి చాచి ఫ్లాస్కు తీసుకుని తిరగేసింది.

అడుగున గుంటలాంటి చోట టేపు ముక్క అంటుకుని ఉంది. టేపుతో పాటు టికెట్ మూల. దాని మీద సగం వేలిముద్ర, పసుపు రంగులో. మిగతా సగం చీటీ మీది ముక్క మీద ఉంది. ఆ వేలు ఎవరిదో భవానికి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. మంగళవారం పగలు చింపిన టికెట్ మంగళవారం రాత్రికల్లా కళ్యాణ్ ఫ్లాస్కు అడుగుకు ఎలా వచ్చిందో కూడా.

గుమ్మంలో కళ్యాణ్ నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో తెలియదు.

"వదినా," అన్నాడు. నిలబడిన చోటే కూర్చుండిపోయాడు.

"చాయ్ ఎవరు పోసిచ్చిండ్రు?" అంది సుమిత్ర.

"కామరాజన్న. అన్న ఫోన్ల ఆయన మాటలు రికార్డు వెట్టి ఉన్నయి. పోలీసులకు ఇస్త అన్నడు అన్న. కామరాజన్ననేమో నిద్రగోలీలు ఏసిన, జెరసేపు పండుకుంటడు, ఫోన్ల నా మాటలు తుడిచేసి పోత, నీ బాకీ లెక్క గుడ తుడిచేస్త అన్నడు. పండుకుంటడనే అన్నడు వదినా, నీ కాళ్ళు మొక్కుత. అన్నకు కండ్లు మూతలు పడ్డంక ఫ్లాస్కు పట్కొని నేను బయటికొచ్చిన, ఆయన లోపలికి పోయిండు. అటెనుక హారన్ ఇనబడ్డది. చెప్తే నిన్ను గుడ మీ అన్న దగ్గరికే పంపుత అన్నడు."

భవాని అరవలేదు, కొట్టలేదు. చాయ్ గిన్నె కింద మంట ఆర్పింది. ఒకే ఒక్కటి అడిగింది. "ఎవరేది ఇచ్చినా తాగడు గదరా. ఆయన బయటి చాయ్ తాగడు. ఏమని తాపినవ్?"

కళ్యాణ్ మొహం రెండు చేతుల్లో దాచుకున్నాడు. "వదిన పంపిందని చెప్పిన."

"తాగినంక ఏమన్నడు?"

"నవ్విండు. మీ వదినకు కోపం పోయిందన్నట్టురా, అన్నడు. గ్లాసు నిండ ఇంకోసారి పోయించుకున్నడు."

భవాని గోడకు ఆనుకుని మెల్లగా కిందికి జారింది. ఇంతకుముందు వచ్చిన ఏడుపు ఇప్పుడు రాలేదు. తన పేరు చెప్పి తాగించారు, తన చేతి చాయ్ అనుకునే తాగాడు. సుమిత్ర ఆమె భుజం మీద చేయి వేసింది. అంతకుమించి ఏం చేయాలో ఆమెకు తెలియలేదు.

అప్పుడు కళ్యాణ్ జేబులో ఫోను మోగింది. తెర మీద పేరు చూసి అతను ఫోను సుమిత్ర వైపు తిప్పాడు. సుమిత్ర స్పీకరు పెట్టమని సైగ చేసింది.

"ఆ డిటెక్టివామె కేబిన్ల ఏందో ఏరుకపోయిందంట," కామరాజు గొంతు. "ఫ్లాస్కు ఏడున్నదిరా? దాన్ని పట్కొని జల్దీ నా లారీల గోదాం కాడికి రా. ఒక్కనివే రా."

కళ్యాణ్ నోరు తెరిచేలోపు భవాని చేయి చాచి ఫోను తీసుకుంది. సుమిత్ర వారించబోయింది, అందలేదు.

"కళ్యాణ్ రాడు కామరాజన్నా," అంది భవాని. గొంతు చాలా మామూలుగా ఉంది. "పొద్దుటిసంది పిట్ట ముడ్తలేదు. నువ్వే రా. ఆఖరు చాయ్ పోసింది నువ్వే గద, నీ చేతులతోని పెడితెనన్న ముడ్తదేమో."

అవతల నుంచి కామరాజు మెత్తగా, తొందర లేనట్టుగా అన్నాడు.

"వస్తున్న చెల్లె."